పెరటి టమాటా ఆకుల్లో వచ్చే తేడాలను గుర్తించడం: నెల్లూరు, ప్రకాశం జిల్లాల నీటిని, ఎండను, వానను బట్టి

పెరట్లోనో మిద్దె మీదనో నాలుగైదు టమాటా మొక్కలు పెంచుకునేవారికి ఆకు రంగు మారగానే వచ్చే మొదటి ప్రశ్న ఏ మందు కొట్టాలన్నది. నిజానికి ఆ ప్రశ్న ఆఖరున రావాలి. ఈ రెండు జిల్లాల ఇళ్లలో నేను చూసినంతవరకు, టమాటా ఆకులు తెగులు వల్ల చెడిన సందర్భాల కంటే నీళ్ల వల్ల, ఎండ వల్ల, అతిగా వేసిన ఎరువు వల్ల చెడిన సందర్భాలే ఎక్కువ. అటువంటప్పుడు తెగుళ్ల మందు కొడితే డబ్బు వృథా కావడమే కాక, అసలే నీరసించిన మొక్క మీద మరో భారం మోపినట్లవుతుంది. అందువల్ల ముందు ఆకును ఎలా చూడాలో చెప్పి, ఆ తరువాతే చేయవలసిన పనులకు వస్తాను.

ముందు చూడవలసినవి

ఆకు ఏ రంగుకు తిరిగిందన్నది అందరూ చూస్తారు. ఆ తేడా మొక్కలో ఎక్కడ మొదలైందన్నది చాలామంది చూడరు. కారణాన్ని పట్టిచ్చేది ఈ రెండో విషయమే. నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం మొక్కలో ఒక చోటి నుంచి మరో చోటికి కదలగలిగిన పోషకాలు. అవి చాలనప్పుడు మొక్క ముసలి ఆకుల్లో ఉన్నదాన్ని తోడి చిగుళ్లకు పంపుకుంటుంది కనుక, కొరత మొదట కింది ఆకుల్లో కనిపిస్తుంది. ఇనుము, కాల్షియం, బోరాన్ అలా కదలవు; వాటి కొరత లేత ఆకుల్లోనే బయటపడుతుంది. మట్టి నుంచి వాన చినుకులతో ఎగిరిపడే శిలీంధ్రపు మచ్చలు కూడా నేలకు దగ్గరగా ఉన్న ఆకులతోనే మొదలవుతాయి. తెల్లదోమ, తామర పురుగులు (ఆకుల రసం పీల్చే చిన్న పురుగులు) మోసుకొచ్చే వైరస్ తెగుళ్లు మాత్రం చిగురు వైపు నుంచి కనిపిస్తాయి. కిందనా, పైనా అన్న ఒక్క ప్రశ్నతోనే అనుమానితుల జాబితా సగానికి తగ్గిపోతుంది.

రెండో ప్రశ్న పక్క మొక్కలను గురించినది. టమాటాతోపాటు పక్కనున్న వంగ, మిరప, మందారం కూడా ఒకే రకంగా మాడుతుంటే అది తెగులు కాదు. వాటన్నింటికీ ఉమ్మడిగా అందుతున్న నీటిలోనో, గాలిలోనో, ఎండలోనో కారణం వెతకాలి. మూడోది వేగం. పోషకాల కొరత వారాల తరబడి మెల్లగా ముదురుతుంది. రాత్రికి రాత్రి వచ్చిన మార్పుకు కలుపు మందు, ఎండదెబ్బ, వేరుకుళ్ళు, బాక్టీరియా వడలు తెగులు వంటివి కారణాలు కావచ్చు.

పరీక్ష ఉదయం ఆరు, ఏడు గంటల మధ్య చేయాలి. మధ్యాహ్నం ఒంటిగంటకు మిద్దె మీద ఏ టమాటా మొక్క అయినా తల వాల్చే ఉంటుంది. దాన్ని చూసి నీళ్లు పోస్తూ పోతే వేర్లు కుళ్ళుతాయి. ఆకును తప్పనిసరిగా తిరగేసి చూడాలి, ఎందుకంటే తెల్లదోమ, నల్లి, పేనుబంక, బూడిద తెగులు నాలుగూ అడుగుభాగంలోనే ఉంటాయి. కళ్ళు ఆననివారు సెల్‌ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీసి, దాన్ని పెద్దది చేసి చూసుకోవచ్చు.

ఇక్కడ ఒక మాట. మన వాడుకలో ‘పచ్చ’ అనే మాట ఆకుపచ్చకూ పసుపుకూ రెండింటికీ నడుస్తుంది. ‘ఆకులు పచ్చబడ్డాయి’ అని ఫోన్లో చెబితే అవతలివారు దేన్నైనా అర్థం చేసుకోవచ్చు. ఎవరికైనా చెప్పేటప్పుడు ‘పసుపు రంగుకు తిరిగాయి’ అనీ, ఈనెలు ఆకుపచ్చగానే ఉన్నాయా లేక అవి కూడా పాలిపోయాయా అనీ స్పష్టంగా చెప్పడం అవసరం.

అంచులు మాడితే నీటిని అనుమానించండి

ముదురు ఆకుల కొసలు, అంచులు గోధుమ రంగుకు తిరిగి, కాగితంలా ఎండి, వేళ్ళతో నలిపితే పొడి అవుతుంటే, మాడిన భాగానికీ బాగున్న భాగానికీ మధ్య గీత గీసినట్లు హద్దు ఉంటే, మొదట మీరు పోసే నీటిని అనుమానించాలి. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లలో లవణాలు ఎక్కువన్న సంగతి అందరికీ తెలిసిందే. తీరం వెంట కొత్తపట్నం, సింగరాయకొండ నుంచి ఇందుకూరుపేట, ముత్తుకూరు దాకా ఉన్న ఊళ్లలో, ముఖ్యంగా రొయ్యల గుంటలకు దగ్గరగా ఉన్న ఇళ్లలో, బావి నీరు ఉప్పగా ఉండటం మామూలే. కందిపప్పు ఎంతకీ ఉడకకపోవడం, సబ్బు నురగ రాకపోవడం, బకెట్ లోపలి వైపు తెల్ల పొర కట్టడం కఠిన జలానికి గుర్తులు. నోటికి ఉప్పదనం తగలడం లవణాలకు గుర్తు. టమాటా లవణాలను ఒక మోస్తరుగానే తట్టుకుంటుంది. మట్టిలో లవణాల కొలత, అంటే పరీక్షా కేంద్రంవారు ఇచ్చే చీటీ మీద ఇ.సి. అని ఉండేది, 2.5 దాటిందంటే దిగుబడి తగ్గడం మొదలవుతుంది. ఇంట్లో నీటిలో కరిగిన లవణాలను చూపే టి.డి.ఎస్. మీటరు ఉన్నవారు నీటిని కొలిచి చూడవచ్చు. అంకె 1,000 దాటిన నీటిని కుండీల్లో రోజూ పోస్తూ ఉంటే ఆకుల అంచులు మాడే అవకాశం బాగా ఎక్కువ. నేలలో అయితే ఒక పెద్ద వాన ఆ ఉప్పును కిందికి దింపేస్తుంది. కుండీలో నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం అక్కడే పేరుకుంటుంది.

ఒంగోలులో మా అక్కయ్య వాళ్ల మిద్దె మీద జరిగిన సంగతి ఇందుకు మంచి ఉదాహరణ. పన్నెండు కుండీల్లో టమాటా వేస్తే, వాటిలో ఏడు కుండీల్లోని మొక్కలు అంచులు మాడి, కురచబడి, ముదురు రంగులో నిర్జీవంగా ఉన్నాయి. మట్టి తడిగానే ఉన్నా ఆకులు వాలిపోతున్నాయి. మిగతా అయిదు నిగనిగలాడుతున్నాయి. విత్తనం ఒకటే, మట్టి ఒకటే, ఎండ ఒకటే. ఆ ఏడు కుండీల అంచులను గోటితో గీరితే సున్నంలాంటి తెల్లటి పొర రాలింది. విషయం ఏమిటంటే, ఇంట్లో తాగునీటి ఆర్.ఓ. యంత్రం బయటికి వదిలే నీళ్లు వృథా కాకూడదని ఆవిడ ఒక చిన్న గొట్టం బిగించి, దాన్ని దగ్గరగా ఉన్న ఏడు కుండీల్లోకి మళ్ళించింది. ఆ యంత్రం మంచి నీటిని ఒక వైపు పంపి, బోరు నీటిలోని లవణాలను చిక్కగా చేసి రెండో వైపు వదులుతుంది. అంటే బోరు నీటికంటే ఉప్పన నీటిని ఆ మొక్కలకు పొద్దూ సాయంత్రం తాగించినట్లయింది. ఆ నీటిని గచ్చు కడగడానికి వాడుకోవచ్చు, మొక్కలకు వాడకూడదు.

ఉప్పు పేరుకున్న కుండీని బాగుచేయడానికి ఎరువులూ మందులూ అక్కర్లేదు. కుండీ పరిమాణానికి రెండింతలు మంచినీటిని మెల్లగా, అడుగు రంధ్రం నుంచి బయటికి పారిపోయేలా పోయాలి. గంట ఆగి మరోసారి పోయాలి. కింద పళ్ళెం ఉంటే తీసేయాలి, లేకపోతే కారిన ఉప్పు నీటినే మట్టి మళ్ళీ పీల్చుకుంటుంది. తరువాత రెండు వారాలు ఏ ఎరువూ వేయకూడదు. మన జిల్లాల్లో, ముఖ్యంగా నెల్లూరు వైపు, ఏడాది వానలో పెద్ద భాగం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతోనే పడుతుంది. ఆ మూడు నెలల్లో మిద్దె మీద డ్రమ్ములు పెట్టి వాన నీటిని పట్టుకున్నవారికి సంక్రాంతి తరువాత కొన్ని వారాలైనా ఈ బాధ ఉండదు. మాడిన అంచులు తిరిగి ఆకుపచ్చగా మారవు. కొత్తగా వచ్చే ఆకులు శుభ్రంగా ఉన్నాయా అన్నదే చూసుకోవాలి.

లవణాల నీరు చేసే రెండో చెరుపు ఇనుము కొరత. మట్టి క్షారంగా మారినప్పుడు అందులో ఇనుము ఉన్నా వేరు దాన్ని తీసుకోలేదు. అప్పుడు కొసన ఉన్న లేత ఆకులు నిమ్మపండు రంగుకు తిరుగుతాయి. ఈనెలు మాత్రం ఆకుపచ్చని వలలా నిలిచి ఉంటాయి. దీనికి లీటరు నీటిలో ముందు 1 గ్రాము నిమ్మ ఉప్పు కరిగించి, ఆ తరువాత 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కలిపి, సాయంత్రం పూట ఆకులు తడిసేలా చల్లాలి. వారం ఎడంతో రెండు మూడు సార్లు చల్లితే సరిపోతుంది. కలిపిన ద్రావణం తుప్పు రంగుకు మారితే పారబోయాలి. కఠిన జలంలో కలిపితే త్వరగా అలా మారుతుంది కనుక ఈ ఒక్క లీటరుకైనా తాగే నీటినో వాన నీటినో వాడాలి.

ఇదే వల ఆకారం కింది ఆకుల్లో కనిపిస్తే అది మెగ్నీషియం కొరత. లీటరుకు 5 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ చల్లితే సరిపోతుంది. ఈనెలతో సహా కింది ఆకు మొత్తం పాలిపోయి, మొక్క బక్కగా ఉంటే నత్రజని చాలడం లేదు. చివికిన పశువుల ఎరువో, నానబెట్టి వడకట్టిన వేరుశనగ చెక్క నీళ్ళో పోయాలి. కాయలు దిగుతున్న మొక్కకు అట్టడుగున ఉన్న రెండు మూడు ఆకులు పండిపోవడం మాత్రం రోగం కాదు, వయసు. వాటిని గిల్లేయడమే పని.

మచ్చలు

అక్టోబరు చివర ముసురు పట్టి మూడు రోజులు ఆకులు తడి ఆరకుండా ఉన్నాయంటే, వారం పది రోజుల్లో కింది ఆకుల మీద మచ్చలు కనిపిస్తాయి. వాటిలో ఎక్కువగా కనిపించేది ఆల్టర్నేరియా శిలీంధ్రం వల్ల వచ్చే ఆకుమాడు తెగులు. గోధుమ రంగు మచ్చ పెరిగేకొద్దీ, దుంగను అడ్డంగా కోసినప్పుడు కనిపించే వలయాల్లాంటివి అందులో ఒకదాని చుట్టూ ఒకటి ఏర్పడతాయి. మచ్చ చుట్టూ పసుపు అంచు ఉంటుంది. వలయాలు కనిపిస్తే వేరే పరీక్ష అక్కర్లేదు. మచ్చలు చాలా చిన్నవిగా, లెక్కలేనన్నిగా, మధ్యలో బూడిద రంగుతో, ఆ బూడిదలో సూదిమొన అంత నల్లటి చుక్కలతో ఉంటే అది సెప్టోరియా ఆకుమచ్చ. వలయాలూ బూడిద రంగూ లేకుండా, నీటిలో నానినట్లు జిడ్డుగా మొదలై నల్లబడే చిన్న మచ్చలు బాక్టీరియావి. ఇవి కాయల మీద కూడా గరుకు పొక్కుల్లా లేస్తాయి.

తేడా తెలియనప్పుడు చిన్న ప్రయోగం చేయవచ్చు. మచ్చ ఉన్న ఆకును తడి కాగితంతో కలిపి పాలిథిన్ సంచిలో పెట్టి, మూతి కట్టి, నీడలో ఒకటి రెండు రోజులు ఉంచాలి. శిలీంధ్రం అయితే మచ్చ మీద నూగులాంటి బూజు లేచే అవకాశం ఎక్కువ. బాక్టీరియా అయితే బూజు రాదు, మచ్చ చిత్తడిగా మారుతుంది. ఈ తేడా తెలుసుకోవడం ఎందుకంటే, మాంకోజెబ్ అనే తెగులు మందు శిలీంధ్రాన్ని ఆపుతుంది గాని ఒక్కటే వాడితే బాక్టీరియా మీద దాదాపు పని చేయదు. రాగి మందులు రెండింటి మీదా కొంతవరకు పని చేస్తాయి.

మందుకంటే ముందు చేయవలసిన పని కత్తెరతో ఉంది. మచ్చలున్న ఆకులను ఎండగా ఉన్న రోజున కోసి ఇంటి బయట పారేయాలి. ఎదిగిన మొక్క అయితే నేల నుంచి అడుగు ఎత్తు దాకా ఆకులు లేకుండా చేసి, కుదురు చుట్టూ వరిగడ్డినో వేరుశనగ పొట్టునో పరచాలి. మట్టి చినుకు ఆకును తాకకపోతే ఈ తెగులుకు నిచ్చెన దొరకదు. నీళ్లు పాదులోనే పోయాలి, తలమీదుగా కాదు. ఆ తరువాత కూడా మచ్చలు పైకి పాకుతుంటే లీటరుకు 2.5 గ్రాముల మాంకోజెబ్ లేదా 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ చల్లి, డబ్బా మీద రాసిన గడువు దాటేదాకా కాయలు కోయకూడదు.

ఇంట్లోనే కలుపుకోదలచినవారికి బోర్డో మిశ్రమం ఉంది. అర లీటరు నీటిలో 10 గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), వేరే అర లీటరులో 10 గ్రాముల సున్నం కరిగించి, ప్లాస్టిక్ బకెట్లో రెండింటినీ ఒకేసారి ధార కట్టిస్తూ కలపాలి. ఇనుప పాత్ర పనికిరాదు. కలిపాక శుభ్రమైన ఇనుప కత్తి మొనను అందులో కాసేపు ముంచి తీయాలి. మొన మీద ఎర్రటి రాగి పూత అంటితే సున్నం చాలలేదని అర్థం, ఇంకొంచెం సున్నపు నీరు కలపాలి. లేకుంటే ఆకులు మాడిపోతాయి. లేత మొక్కలకు ఇదే మిశ్రమాన్ని సగం చిక్కదనంతో వాడాలి, ఏ రోజు కలిపింది ఆ రోజే చల్లేయాలి.

లేట్ బ్లైట్ అనే తెగులు పేరు చాలామంది వీడియోల్లో విని భయపడుతున్నారు. దానికి చల్లదనం, ఎడతెగని తేమ రెండూ కావాలి. ఇక్కడి వెచ్చదనంలో, ముఖ్యంగా తీర ప్రాంతంలో, అది రావడం అరుదు; నల్ల మచ్చ కనిపించిన ప్రతిసారీ దాన్ని తలచుకోవలసిన పని లేదు.

ధనుర్మాసం మంచు మొదలయ్యాక, జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆకు పైభాగాన పసుపు మరకలు, వాటికి సరిగ్గా అడుగున తెల్లటి పిండి కనిపిస్తే అది బూడిద తెగులు. లీటరుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం దీనికి చాలు. అయితే నేను చేసిన తప్పు మీరు చేయవద్దు. ఒక ఏడాది మార్చి నెలలో ఉదయం పదకొండు గంటలకు, ఎండ చురుక్కుమంటుండగా గంధకం చల్లాను. మర్నాటికి తెగులు లేని ఆకులు కూడా ఇస్త్రీ పెట్టె తగిలినట్లు మాడాయి. ఎండ ముదిరిన రోజుల్లో, ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటే వేళ గంధకం జోలికి పోకూడదు. వేపనూనె చల్లిన రెండు వారాల్లోనూ దాన్ని చల్లకూడదు.

ముడత: ఒకే పేరున్న నాలుగు జబ్బులు

ఆకు ముడుచుకుంటే చాలు, వైరస్ అని తేల్చి మొక్కను పీకేసేవారున్నారు; వైరస్‌ను వేపనూనెతో నయం చేద్దామని రెండు నెలలు తంటాలు పడేవారూ ఉన్నారు. ఇద్దరూ ఒకసారి ఆగి, ముడత ఏ ఆకులతో మొదలైందో చూడాలి.

కింది ముదురు ఆకులు దోనెలాగా పైకి చుట్టుకొని, మందంగా, తోలులా గట్టిపడి, రంగు మాత్రం చక్కని ఆకుపచ్చగానే ఉండి, మొక్క పూత పూస్తూ ఉంటే అది జబ్బు కాదు. ఎండ తీవ్రతకు, ఒకరోజు నీళ్లు ఎక్కువై మరోరోజు చాలకపోవడానికి, కొమ్మలు అతిగా కత్తిరించడానికి మొక్క చేసుకున్న సర్దుబాటు. ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీద దాదాపు ప్రతి టమాటా ఇలాగే ఉంటుంది. మధ్యాహ్నం పూట నీడ వల కట్టి, మట్టి మీద గడ్డి పరిచి, రోజూ ఒకే వేళకు నీళ్లు పోయడమే వైద్యం.

చిగురు ఆకులు చిన్నవై, అంచులు పసుపెక్కి, గిన్నెల్లాగా పైకి ముడుచుకొని, కణుపులు దగ్గరయ్యి, మొక్క పొదలా గిడసబారితే అది అసలైన ఆకుముడత వైరస్. దీన్ని తెల్లదోమ మోస్తుంది. మొక్కను కాస్త కదిలిస్తే ఆకుల అడుగు నుంచి తెల్లటి రేణువుల్లా లేచి మళ్ళీ వాలేవి ఆ దోమలే. పత్తి, మిరప, పొగాకు చేలు చుట్టూ ఉన్న ఊళ్లలో వాటికి కొదవ ఉండదు. వానల్లో తగ్గి, ఫిబ్రవరి నుంచి ఎండాకాలమంతా పెరుగుతాయి. వైరస్ సోకిన మొక్కకు మందు లేదు. అయితే నిర్ణయం మొక్క వయసును బట్టి తీసుకోవాలి. నాటిన నెలలోపే ముడత వస్తే ఆ మొక్క కాయడం కల్ల, వెంటనే తీసేయాలి. కాయలు నిండుగా ఉన్న మొక్కకు ఆఖరున వస్తే, పక్కన లేత మొక్కలు లేనప్పుడు, ఉన్న కాయలు పండేదాకా ఉంచుకోవచ్చు. ఆ కాయలు తినడానికి ఏ ఇబ్బందీ లేదు. పీకేటప్పుడు తెల్లవారుజామున, దోమలు మందకొడిగా ఉన్నప్పుడు, పాలిథిన్ సంచిని మొక్క మీదుగా తొడిగి, మూతి బిగించి, ఆ తరువాత వేళ్ళతో సహా లాగాలి. ఊరికే పీకితే దోమలన్నీ లేచి పక్క మొక్కల మీద వాలతాయి.

మిగిలినవాటిని కాపాడుకోవడానికి పసుపు అట్టలకు ఆముదం రాసి మొక్కల ఎత్తులో కట్టాలి. లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొద్ది సబ్బు ద్రావణంతో కలిపి, వారానికోసారి సాయంత్రం ఆకుల అడుగున తగిలేలా చల్లాలి. అంతకంటే మేలైనది నారును 25 నుంచి 30 రోజులు సన్నటి నైలాన్ వల కింద పెంచడం. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క రక్షక్ అనే సంకరజాతి ఆకుముడతనూ, బాక్టీరియా వడలునూ, ఆకుమాడునూ మూడింటినీ తట్టుకుంటుంది. ఎండాకాలపు పంటకు నేను దానివైపే మొగ్గుతాను.

మూడోది కలుపు మందు గాలి. వరి చేలకు ఆనుకొని ఉన్న ఇళ్లవారు, ఉదాహరణకు కోవూరు చుట్టుపక్కలవారు, దీన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. వెడల్పాకు కలుపు కోసం వరిలో 2,4-డి చల్లినప్పుడు ఆ తుంపర గాలికి కొట్టుకొచ్చి తగిలితే, టమాటా చిగుళ్లు రెండు మూడు రోజుల్లో మెలికలు తిరుగుతాయి; తరువాత వచ్చే ఆకులు సన్నగా, ఈనెలు పక్కపక్కనే సాగి, చీపురు పుల్లల్లా తయారవుతాయి. ఒక రకం మొజాయిక్ వైరస్ కూడా ఆకులను ఇలాగే సన్నం చేస్తుంది. తేడా ఎలా తెలుస్తుందంటే, వైరస్ అక్కడొకటి ఇక్కడొకటి మొక్కను పడుతుంది. కలుపు మందు గాలి వచ్చిన వైపు ఉన్న మొక్కలన్నింటినీ ఒకే రోజున పడుతుంది. తుంపర కొద్దిగా తగిలిన మొక్క నెల రోజుల్లో మంచి చిగుళ్లు వేసి కోలుకోవచ్చు, కాని అప్పటికి మొక్క మీదున్న కాయలు తినకపోవడం మంచిది. కలుపు మందుకు వాడిన స్ప్రేయరు అరువు తెచ్చుకొని టమాటాకు వాడినా ఇదే జరుగుతుంది, ఎంత కడిగినా సరే.

నాలుగోది కనిగిరి, కందుకూరు పొగాకు ప్రాంతాలవారికి బాగా అవసరమైనది. ఆకు మీద లేత, ముదురు ఆకుపచ్చ రంగులు కలగాపులగంగా ఉండి, ఆకు గరుకుగా ముడతలు పడితే అది మొజాయిక్ తెగులు కావచ్చు. పొగాకు మొజాయిక్ వైరస్ ఎండిన ఆకులో కూడా చావదు. చుట్టో బీడీయో కాల్చిన చేతులతో, బేరన్‌లో పొగాకు మండెలు సర్దిన చేతులతో, టమాటా కొమ్మలు గిల్లితే అంటుకుంటుంది. చేతులు సబ్బుతో బాగా కడుక్కున్నాకే మొక్కల్లోకి వెళ్ళాలి. మా తాతయ్య చుట్ట ఆరిపోయాకే పెరట్లోకి దిగేవాడు. అది మర్యాదో తెలివో అప్పట్లో మాకు తెలియదు.

వీటికి తోడు మొవ్వుకుళ్ళు ఉంది. వేరుశనగ రైతులకు ఈ పేరు పరిచయమే. అదే వైరస్‌ను తామర పురుగులు టమాటాకు అంటిస్తాయి. లేత ఆకులు కంచు రంగుకు తిరిగి, చిన్న చిన్న నల్ల మచ్చలతో, చిగురు ఒక వైపుకు వంగి ఎండిపోతుంది. కాండం మీద నల్లటి చారలు, కాయల మీద వలయాలు వస్తాయి. ఇది మొక్కను బతకనివ్వదు. ఆ రోజే పీకి, చుట్టూ ఉన్న వయ్యారిభామ వంటి కలుపును కూడా తీసేయాలి.

పురుగు గుర్తులు

ఆకు మీద ముగ్గు గీసినట్లు తెల్లటి మెలికల గీతలుంటే ఆకుతొలుచు పురుగు. చూడటానికి భయంగా ఉంటుంది గాని, ఎదిగిన మొక్కకు నష్టం తక్కువ. ఆ ఆకులు తుంచేస్తే చాలు. గీతలు కాకుండా వెడల్పాటి పారదర్శక పొరల్లా ఉండి, లోపల నల్లటి పెంట కనిపిస్తే, కాయ తొడిమ దగ్గర సూదిపోటు రంధ్రాలుంటే మాత్రం, 2014లో మన దేశంలో మొదట గుర్తించిన టూటా అనే చిమ్మెట పిల్లపురుగులై ఉండవచ్చు. తగిలిన ఆకులు, కాయలు అన్నీ ఏరి మూతి కట్టిన సంచిలో ఎండలో మగ్గబెట్టాలి. ఆకు జల్లెడలా గీకినట్లుంటే అక్షింతల పురుగు, పెద్ద రంధ్రాలు పడి ఆకుల మీద పెంట గుళికలుంటే పొగాకు లద్దె పురుగు. రాత్రి ఎనిమిది తరువాత టార్చిలైటుతో వెళ్తే చేత్తోనే ఏరేయవచ్చు.

నల్లి విషయంలో మాత్రం ఆలస్యం చేయకూడదు. వడగాలి రోజుల్లో ఆకు మీద రవ్వ చల్లినట్లు తెల్లటి సన్నటి చుక్కలు వచ్చి, క్రమంగా కంచు రంగు పడితే, తెల్ల కాగితం పట్టి దాని మీద ఆకును గట్టిగా తట్టండి. రాలిన ధూళిలో కదిలే చుక్కలుంటే, వాటిని వేలితో రాస్తే ఎర్రటి మరక పడితే, ఎర్రనల్లి ఖాయం. రోజు విడిచి రోజు ఉదయం పూట పైపుతో ఆకుల అడుగుభాగాన్ని జోరుగా కడగడం దీనికి మొదటి వైద్యం. నల్లికి పొడి, ధూళి ఇష్టం, తడి గిట్టదు.

ఆకుపచ్చగా ఉండగానే వాలిపోతే

ఆకు రంగు మారకుండానే మొక్క ఒకటి రెండు రోజుల్లో మొత్తం వాలిపోయి, ఉదయానికి కూడా తేరుకోకపోతే, దాన్ని పీకి కాండాన్ని మొదలు దగ్గర కోసి, కోసిన కొసను గాజు గ్లాసులోని శుభ్రమైన నీటిలో కదపకుండా వేలాడదీయాలి. అయిదు పది నిమిషాల్లో కోత నుంచి పాలలాంటి సన్నటి ధార నీటిలోకి దిగితే అది బాక్టీరియా వడలు తెగులు. మట్టితో సహా తీసేయాలి. ఆ చోట వంగ, మిరప, టమాటా మళ్ళీ వేయకూడదు. ధార రాకుండా, కాండాన్ని నిలువుగా చీలిస్తే బెరడు కింద గోధుమ రంగు చారలుంటే, అంతకుముందు కింది ఆకులు ఒక పక్కనే పసుపెక్కి ఉంటే, అది ఫ్యుజేరియం వడలు. వేళ్ళ మీద రుద్రాక్షల్లాంటి బుడిపెలుంటే నులిపురుగులు, అంటే మట్టిలో ఉండి వేళ్ళను పట్టే, కంటికి ఆననంత సన్నటి పురుగులు. తీరపు ఇసుక నేలల్లో ఇవి ఎక్కువ. ఈ మూడింటికీ మొక్కను కాపాడే మందు ఇంటి స్థాయిలో లేదు గాని, మట్టిని బాగుచేయడానికి మన మే నెల ఎండ ఉంది: మట్టిని బాగా తడిపి, పారదర్శకమైన పాలిథిన్ షీటు కప్పి, అంచులు మట్టితో మూసి, నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే, ఇవి పూర్తిగా పోకపోయినా పై మట్టిలో వీటి సంఖ్య బాగా తగ్గుతుంది. తరువాత ఆ చోట ఒక విడత బంతి వేసి, వేపపిండి కలిపితే నులిపురుగులు ఇంకా తగ్గుతాయి.

ఇన్ని చూసినా తేలకపోతే రైతు సేవా కేంద్రానికో, నెల్లూరు, దర్శి కృషి విజ్ఞాన కేంద్రాలకో నమూనా తీసుకువెళ్ళాలి. ఒక్క ఎండిన ఆకు తీసుకుపోతే ఎవరూ ఏమీ చెప్పలేరు. జబ్బు అప్పుడే మొదలైన ఆకు ఒకటి, బాగా ముదిరిన ఆకు ఒకటి, ఏమీ లేని ఆకు ఒకటి కోసి, తడి లేకుండా వార్తాపత్రికలో చుట్టాలి. పాలిథిన్ సంచిలో వేస్తే దారిలోనే చెమర్చి కుళ్ళుతుంది. మొక్క వాలిపోతున్నదైతే వేళ్ళతో సహా తేవాలి. మీరు పోసే నీటిని ఒక సీసాలో పట్టి, ఆ నెలలో మొక్కకు వేసినవన్నీ, వంటింట్లో బియ్యం కడిగిన నీళ్ళతో సహా, ఒక చీటీ మీద రాసి వెంట తీసుకువెళ్ళండి.